పొయ్యి ఎక్కని ఉండలు

నరసరావుపేట బరంపేటలో జయలక్ష్మమ్మ నోటికి భయపడని కూరగాయల బండి లేదు. వంకాయ తొడిమ వాసన చూసి అది ఏ ఊరి కాయో చెప్పగలనంటుంది. కారంపూడి కాయని బెల్లంకొండ కాయ అన్నా సరే, బండివాడు ఔనని తలూపాల్సిందే. కాదన్నాడో, ఆ పూట ఆ సందులో బేరం లేనట్టే. అంతటి మనిషికి ఒక్క తీపి దగ్గర మాత్రం నోరు పెగిలేది కాదు. లడ్డూ కనిపిస్తే చిన్నపిల్లయిపోయేది.

భర్త నరసింహారావుకి బజార్లో కిరాణా కొట్టు. జీడిపప్పు, బాదం, ఎండు ద్రాక్ష ఇంట్లో ఎప్పుడూ డబ్బాల నిండా ఉండేవి. పండగొచ్చిందని తీపి చేసే ఇల్లు కాదది, తీపి చేస్తే పండగనుకునే ఇల్లు. అలాంటి ఇంట్లో డాక్టరుగారు ‘షుగర్ వచ్చిందమ్మా’ అన్న రోజున ఆవిడ ఆయనతోనే పోట్లాడి వచ్చింది. మా వంశంలో లేనిది నాకెట్టా వస్తదని అడిగింది. అడిగితే మాత్రం షుగర్ పోతుందా?

గుంటూరులో ఉండే కూతురు దీపశ్రీ తల్లి బాధ చూడలేక ఫోనులో ఒక వీడియో పంపింది. గింజ తీసిన ఖర్జూరం, బాదం, జీడిపప్పు దంచి, నారింజ తొక్క గీకి కలిపి, ఉండలు చుట్టి కొబ్బరి పొడిలో దొర్లించడం. చక్కెర లేదు, నెయ్యి లేదు, పొయ్యి వెలిగించే పని అంతకన్నా లేదు.

“ఎనర్జీ బైట్స్ అంటారమ్మా వీటిని. ఒకటి తింటే చాలు, తీపి మీద ధ్యాస పోతుంది.”

“బైట్సో గీట్సో. చలిమిడిలాగా పచ్చిగా పిసికి ఉండ చెయ్యమని తెలుగులో చెప్పొచ్చుగా,” అంది జయలక్ష్మమ్మ.

చేసింది కూడా. నారింజ దొరక్కపోతే ఇంట్లో ఉన్న బత్తాయి తీసుకుని కొబ్బరి కోరాం మీద కసిగా గీకింది. నోట్లో పెట్టుకుంటే వేపాకు ముద్ద. నరసింహారావు ఒకటి కొరికి, మొహం అదోలా పెట్టి, “ఉగాది ఇంకా రాలేదు గదే,” అన్నాడు. మిగిలినవి పెరట్లోకి పోయాయి. ఆ మధ్యాహ్నమే ఆవిడ పక్కింటి గోడ దగ్గర నిలబడి ఆ బత్తాయినీ, అది కాసిన చెట్టునీ, అమ్మిన వాణ్ణీ కలిపి తిట్టింది. గోడకి అటుపక్క బట్టలు ఆరేస్తున్న జమీలా నవ్వుతూ అంతా విన్నది.

జమీలా జాకెట్లు కుడుతుంది. భర్త మౌలాలీ ఆటో నడుపుతాడు. జయలక్ష్మమ్మ వొంటికి సరిగ్గా జాకెట్ కుట్టగలిగింది ఆ ఊళ్ళో జమీలా ఒక్కతే. ఆ రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఉంది. దాని మీంచి కరివేపాకు ఇటు వస్తుంది, వార్తలు అటు పోతాయి. జయలక్ష్మమ్మకి గున్యా జ్వరం వచ్చి వేళ్ళు ముడుచుకోలేని రోజుల్లో పొద్దునా సాయంత్రం వచ్చి తల దువ్వి జడ వేసింది జమీలాయే. కూతురు గుంటూరు నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది. జమీలా రావడానికి గోడ దాటినంత సేపు కూడా పట్టలేదు. “నా తోడబుట్టినదైనా ఇట్టా చెయ్యదే,” అని జయలక్ష్మమ్మ అప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది అబద్ధం కాదు.

అయితే ఆ జడ వేసింది వసారాలో. జమీలా వస్తే వసారాలోనే కూర్చుంటుంది. అక్కడ గూట్లో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. ఇంట్లో గిన్నెలన్నిటి మీదా నరసింహారావు పేరు చెక్కి ఉంటుంది గానీ ఆ గ్లాసు మీద ఏ పేరూ లేదు. జమీలా టీ తాగేది దాంట్లోనే. తాగాక కుళాయి దగ్గర తనే తొలుచుకుని, మళ్ళీ గూట్లో బోర్లించి పోతుంది. ఆ పని చెయ్యమని తను ఎప్పుడూ చెప్పలేదని జయలక్ష్మమ్మ గర్వంగా అనుకునేది. నిజమే, ఆవిడ చెప్పలేదు. జమీలా ఆ ఇంటి పక్కకి కాపురానికి వచ్చిన కొత్తలో జయలక్ష్మమ్మ అత్తగారు హనుమాయమ్మ చెప్పింది. తర్వాత ఎవరికీ చెప్పే అవసరం రాలేదు.

హనుమాయమ్మ పోయి ఏళ్ళయింది గానీ ఆవిడ చట్టం మాత్రం వంటింట్లో బతికే ఉంది. వైశ్యుల ఇల్లు, అందులోనూ ఆవిడ మడి. “పండుకీ పప్పుకీ అంటు లేదే. నిప్పు మీద ఉడికినదానికే అంటు,” అనేది ఆవిడ. అంచేత జమీలా ఇంటి నుంచి వచ్చిన అరటిపళ్ళు తినొచ్చు. రంజాన్ పండక్కి వచ్చే సేమ్యా పాయసం తినకూడదు.

తిననని మొహం మీద చెప్పడం జయలక్ష్మమ్మకి చేతకాదు. కూరగాయల బండి దగ్గర లేచే నోరు అక్కడ లేవదు. అబద్ధం తేలిక. ఒక ఏడు శనివారమంది, ఒక ఏడు ఏకాదశంది, షుగర్ వచ్చాక ఇక వెతుక్కునే పని లేకపోయింది. “సాయంత్రం తింటాలే, ఏం వాసనే తల్లీ!” అని గిన్నె రెండు చేతులా అందుకునేది. జమీలా గేటు దాటగానే అది అంట్లు తోమే అన్నపూర్ణ సంచిలోకి పోయేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ పాయసం ఇచ్చినందుకు అన్నపూర్ణ దగ్గర మంచిపేరు కూడా కొట్టేసేది. మర్నాడు తోమిన గిన్నెని ఉత్తగా పంపకూడదు కాబట్టి కాస్త పటికబెల్లం వేసి, “చానా బాగుందే జమీలా, మా ఆయన గిన్నె నాకేశాడనుకో,” అని చెప్పి పంపేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. ఇక్కడ పిల్లి పాలు తాగకుండానే కళ్ళు మూసుకుంది.

కోటప్పకొండ తిరనాళ్ళు అయిపోయి, రంజాన్ నెల మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం జమీలా కొత్త స్టీలు డబ్బా పట్టుకుని వసారాలోకి వచ్చింది. ఉపవాసంతో పెదవులు ఎండి ఉన్నాయి గానీ మొహం వెలుగుతూ ఉంది.

“అక్కా, తప్పు మీ బత్తాయిది కాదు. తొక్క కింద తెల్లది కూడా గీకినట్టున్నారు, చేదంతా దాంట్లోనే ఉంటదంట. పైపైన రంగు వరకే గీకాల. నేను కమలాకాయతో చేశా.”

“రోజా ఉండి చేశావంటే?”

“చెయ్యడానికేముంది, నోట్లో వేసుకోకూడదు గానీ. అందుకే రుచి చూళ్ళా. చేదు తగిలిందో లేదో మీరే చెప్పాల.” డబ్బా ఇచ్చి కూడా జమీలా కదల్లేదు. పైట కొంగు సర్దుకుంది. “పొయ్యి ముట్టించలా అక్కా. బాదం, జీడిపప్పు డాబా మీద ఎండలో పోశా, వేయించినట్టే అయినయ్. మా మిక్సీలో కూడా వెయ్యలా. మొన్న తిరనాళ్ళలో మా ఆయన తెచ్చిన కొత్త రోట్లో దంచా. ఈ డబ్బా కూడా కొత్తదే.”

“ఏంది ఇంత చాదస్తం నీకు!” అని నవ్వింది జయలక్ష్మమ్మ.

జమీలా వెళ్ళాక మూత తీసింది. చిన్న ఉసిరికాయలంత ఉండలు, కొబ్బరి పొడి పట్టి తెల్లగా ఉన్నాయి. కమలా వాసన వసారా అంతా కమ్ముకుంది. నోట్లో నీళ్ళూరాయి కూడా. సరిగ్గా అప్పుడే అన్నపూర్ణ అంట్లు ముగించి చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. జయలక్ష్మమ్మ మూత పెట్టేసి డబ్బా అందించింది. ఆలోచించి ఇచ్చింది కాదు. ఇన్నేళ్ళుగా అలవాటైన చెయ్యి, దాని పని అది చేసుకుపోయింది.

రాత్రి భోజనం దగ్గర నరసింహారావు అన్నాడు, “నీ నేస్తం మన కొట్టుకి వచ్చింది మొన్న. ఖర్జూరం, బాదం, జీడిపప్పు, కొబ్బరి పొడి, అన్నీ మన దగ్గరే తీసుకుంది. మన వీధిలో కొట్టు లేకనా? ‘అన్నా, అక్క కోసం, మంచివి చూసియ్యి’ అంది. ఏవీ, ఒకటి ఇటు పడెయ్.”

జయలక్ష్మమ్మ గరిటె అన్నంలోనే ఆగింది. “అయిపోయినయ్,” అంది.

“అయిపోవడమేంది? అన్నీ నువ్వే తిన్నావా, షుగర్ మనిషివి!”

“ఆఁ. తిన్నా.”

ఆయన తిట్టాడు. డాక్టరు మాట లెక్కలేదా అన్నాడు, కూతురికి ఫోన్ చేసి చెబుతానన్నాడు. తినని తిండికి తిట్లు తింటూ ఆవిడ తల వంచుకుని మజ్జిగ కలుపుకుంది. అప్పటికి ఆవిడకి కలిగింది కాస్త ఇబ్బంది మాత్రమే. పొద్దున్నే జమీలాకి ఏదో ఒకటి చెబితే సరిపోతుందనుకుంది.

పొద్దున జమీలా గోడ అవతల దండెం మీద బట్టలు ఆరేస్తూ కనిపించింది. “ఎట్టున్నయ్ అక్కా? చేదు తగల్లా గదా?”

“చేదా! అమృతమే అనుకో. తీపి సరిగ్గా సరిపోయింది. ఆ యాలక్కాయ వాసన కూడా ఎంత బాగా కలిసిందనీ!”

జమీలా చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది.

“యాలక్కాయ వెయ్యలా అక్కా. కమలా వాసన చచ్చిపోద్దని వెయ్యలా.”

తీపి అన్నాక యాలక్కాయ ఉంటుందిలే అనుకుని నోరు జారిన మనిషి, ఆ నోటిని మూయడం కూడా మర్చిపోయింది. “అంటే... మరి... జాజికాయేమో అది...” అంది.

“ఊరుకోండి అక్కా,” అంది జమీలా మెల్లగా. కోపం లేదు. పసిపిల్ల పడబోతుంటే చెయ్యి పట్టుకున్నట్టుగా అంది. “అన్నపూర్ణ ఇందాకే చెప్పి పోయింది. వాళ్ళ పిల్లోడు ఏలియాకి చానా నచ్చినయ్యంట. ప్రతిసారీ చెబుతది, పాపం.”

“ప్రతిసారీ?”

“మొదటి ఏడు నుంచీ. ఆ పిల్లకి దాయడం తెలవదుగా.” చీరని దులిపి దండెం మీద వేసింది. “సేమ్యా పాయసం నేను అన్నపూర్ణ కోసమే చేసేదాన్ని అక్కా. వాళ్ళింట్లో తీపి ఎక్కువ కావాల. అందుకని మీ ఇంటికి పంపే గిన్నెలో చక్కెర ఇంకో గరిటె వేసేదాన్ని.” చీర అంచులు సమంగా లాగింది. “ఇవి మటుకు మీ కోసం చేశా. నిప్పు తగల్లేదు గదా, తింటారనుకున్నా.”

ఖాళీ బకెట్ తీసుకుని లోపలికి పోయింది.

జయలక్ష్మమ్మకి తలకొట్టేసినట్టయింది. గోడ మీద చెయ్యి తియ్యకుండా చాలాసేపు అక్కడే నిలబడింది. సందులో పోయే పాలవాడు పలకరిస్తే కూడా తల ఎత్తలేదు. ఇన్నేళ్ళు తను చెప్పిన ప్రతి ‘చానా బాగుందే’ని జమీలా నవ్వుతూ విన్నది. గిన్నె నాకేశాడన్న మాటా విన్నది. అది అబద్ధమని తెలిసి కూడా మరుసటి రంజాన్‌కి మళ్ళీ గిన్నె తెచ్చింది. పటికబెల్లం తీసుకుని సంతోషించినట్టు కనిపించింది. తన మర్యాద తను కాపాడుకుంటున్నానని జయలక్ష్మమ్మ అనుకుంటే, ఆ మర్యాదని ఇన్నేళ్ళుగా కాపాడింది జమీలా.

వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది. అత్తగారి మీద నెట్టేద్దామని చూసింది. పెద్దావిడ పెట్టిన పద్ధతి, నాదేముంది అనుకుంది. కానీ పెద్దావిడ చట్టం ప్రకారం ఆ ఉండలకి అంటు లేదు! నిప్పు తగల్లేదు, ఉడకలేదు, పప్పులూ పండూ తప్ప వేరే ఏమీ లేవు, అవీ తన కొట్లోవే. హనుమాయమ్మ బతికుంటే ఆవిడే ఒకటి నోట్లో వేసుకుని ఇంకోటి అడిగేది. మరి తన చేతిని ఆపిందేమిటి? మడి కాదు, ఆచారం కాదు. దాని పేరు అసహ్యం. తన తలలో చిక్కులు తీసి జడ వేసిన చేతుల మీద అసహ్యం. ఇన్నాళ్ళూ దానికి అత్తగారి చీర కట్టి కూర్చోబెట్టింది. ఆ సంగతి ఒప్పుకోవాల్సి వచ్చేసరికి, ఎవరూ లేని ఇంట్లో కూడా ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది.

మధ్యాహ్నం అన్నపూర్ణ వచ్చి, తోమి తెచ్చిన కొత్త డబ్బా గట్టు మీద పెట్టింది. జయలక్ష్మమ్మ గొంతు తగ్గించి అడిగింది, “ఏమే, ఆ ఉండలు ఒక్కటన్నా మిగిలిందా?”

“అయ్యో అమ్మగారూ, రాత్రే అయిపోయినయ్. మావాడు డబ్బాలో కొబ్బరి పొడి కూడా వేలితో తుడిచి తిన్నాడు. మీరు తింటారని తెలిస్తే అట్టిపెట్టేదాన్నే.” అన్నపూర్ణ అంట్ల ముందు కూర్చుంటూ మామూలుగా అంది, “నాకిచ్చేవన్నీ మీరు తిననివే గదా, అందుకని అడగలా.”

ఆ పిల్ల ఏ ఉద్దేశంతోనూ అనలేదు. గిన్నె మీద పీచు రుద్దుకుంటూ ఉంది. దాతనని ఇన్నాళ్ళు అనుకున్న జయలక్ష్మమ్మ మాత్రం అక్కడ నిలబడలేకపోయింది.

సాయంత్రం డబ్బా చేతిలోకి తీసుకుంది. ఉత్త డబ్బా పంపకూడదు. పటికబెల్లం సీసా మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది. అరటిపళ్ళ వైపు చూసింది. ఏది చూసినా ఇంతకుముందు ఏదో ఒక అబద్ధంతో కలిపి పంపిందే. మసీదు సైరన్ మోగింది. ఉపవాసం విడిచే వేళ. ఇంకాస్త ఆగి, డబ్బాని కొంగు కింద పెట్టుకుని, గోడ చుట్టూ తిరిగి జమీలా ఇంటికి వెళ్ళింది.

కొలతలు ఇవ్వడానికి ఎన్నోసార్లు వచ్చిన గుమ్మమే. అయితే ఎప్పుడూ గుమ్మంలోనే. మౌలాలీ నమాజుకి పోయినట్టున్నాడు, జమీలా ఒక్కతే ఉంది. ఆవిడని చూసి కంగారుగా లేచి, కుట్టుమిషను ముందున్న కుర్చీ మీంచి గుడ్డ ముక్కలు తీసేసింది.

“ఉత్త డబ్బా తెచ్చానే,” అంది జయలక్ష్మమ్మ. “దీంట్లో ఏం పెట్టాలో నాకు తెలవలా.”

“ఏందక్కా, డబ్బాదేముంది. కూర్చోండి, కూర్చోండి.” జమీలా అటూ ఇటూ చూసి అరటిపళ్ళ అత్తం తెచ్చి ముందు పెట్టింది. “మా ఆయన ఇప్పుడే తెచ్చారు. ఎవరూ ముట్టుకోలా.”

ఎవరూ ముట్టుకోలా అని తన ఇంట్లో తను చెప్పుకోవాల్సి వచ్చింది జమీలాకి.

“పళ్ళు వద్దు. ఆ పొయ్యి మీద ఏంది?”

“టీ అక్కా.”

“అది ఇయ్యి.”

జమీలా ఆవిడ మొహంలోకి చూసింది. “చక్కెర వేసేశా. మీకు పడదు. వేరే పెడతా,” అని అటు తిరిగింది. రెండు కప్పుల టీ కాగడానికి పట్టే సమయం కంటే చాలా ఎక్కువసేపు పొయ్యి వైపే తిరిగి ఉంది. ఒకసారి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. అల్లం వాసన వచ్చింది. అలమరలోంచి రెండు పింగాణీ కప్పులు తీసింది. రెండూ ఒకే జత. ఒకటి తనకి పెట్టుకుని, ఒకటి ఆవిడకిచ్చింది.

మొదటి గుక్క జయలక్ష్మమ్మ నోట్లోనే నిలిచిపోయింది. టీలో ఏ లోపమూ లేదు. అల్లం, పాలు, తన ఇంట్లో టీ కంటే చిక్కగానే ఉంది. మనసు ఒప్పుకున్నా గొంతు ఒప్పుకోలేదు. దణ్ణం పెట్టి బతిమాలుకున్నట్టుగా లోపలికి మింగింది. ఇంత జరిగాక కూడా మింగడానికి కష్టపడాల్సి వచ్చినందుకు, పొద్దున పడినదానికన్నా ఎక్కువ సిగ్గు పడింది.

జమీలా అది చూసింది. ఆమె చూడనిదేముంది.

“నిదానంగా అక్కా,” అంది. “అంతా తాగాలని ఏం లేదు.”

జయలక్ష్మమ్మ కళ్ళనీళ్ళు కప్పులో పడుతున్నా తుడుచుకోలేదు. రెండో గుక్క, మూడో గుక్క, కప్పు ఖాళీ అయ్యేదాకా తాగింది. “జమీలా, నేను నిన్ను...” అని మొదలుపెట్టింది గానీ, ఆ వాక్యం చివర ఏ మాట పెట్టినా చాలదని ఆగిపోయింది. జమీలా తన టీ తను తాగుతూ కూర్చుంది.

కాసేపటికి జయలక్ష్మమ్మ లేచింది. తన వసారాలో ఇన్నేళ్ళుగా రోజూ చూసిన పనే. ఖాళీ కప్పు చేత్తో పట్టుకుని, తొలిచి బోర్లించడానికి పెరట్లో కుళాయి వైపు నడిచింది. నాలుగడుగులు వెయ్యకముందే జమీలా వెనకనుంచి వచ్చి కప్పు అందుకుంది. ఎత్తిపొడుపు లేదు ఆమె గొంతులో. తెలియని మనిషికి దారి చెప్పినట్టుగా చెప్పింది.

“ఇట్టా ఇయ్యండి అక్కా. మా ఇంట్లో ఆ పద్ధతి లేదు.”